కాచిగూడ బడి నుంచి జకార్తా దాకా



సూరత్‌లో మా బమ్రోలి సాంచాల ఊరు, అంటే మరమగ్గాల ఊరు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడా, పక్కన పాండేసరాలో, ఉధ్నాలో, లింబాయత్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. పగటి షిఫ్టు దిగేవాళ్ళూ రాత్రి షిఫ్టు ఎక్కేవాళ్ళూ సందు మొగలో ఎదురుపడే వేళకు, ఆ పక్కనే మన పిల్లలు ఏ కాస్త ఖాళీ జాగా దొరికినా బంతి ఆడుతూ ఉంటారు. ఎక్కువగా క్రికెట్టే. అప్పుడప్పుడు ఫుట్‌బాల్ కూడా కనిపిస్తుంది. ఆ ఫుట్‌బాల్ ఆడే పిల్లల్ని ఎవరైనా ఆపి, భారతదేశం ఆసియాలో ఫుట్‌బాల్ చాంపియన్ అయిందని చెప్తే నమ్మరు. ఆ జట్టును తయారుచేసింది హైదరాబాదులో బడి పిల్లలకు పాఠాలు చెప్పుకున్న ఒక పంతులు అంటే అసలే నమ్మరు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు అంతా రహీం సాబ్ అంటారు. 2024లో ఆయన మీద అజయ్ దేవగణ్‌తో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది కాబట్టి ఈ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సినిమా బాగానే తీశారు. కానీ మూడు గంటల సినిమాలో మన కళ్ళు చెమర్చేది పతకం దగ్గర, జబ్బు దగ్గర. నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది వాటి వెనక ఉన్న పని. సినిమాకు అంతగా పనికిరాని ఆ పని గురించే ఈ పూట మాట్లాడతాను.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడి జట్టులో ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పనిచేసిన బడులు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. గొప్ప ఆటగాడిగా పేరు తెచ్చుకుని, ఆట మానేశాక కోచ్ అయినవాళ్ళను చాలామందిని చూస్తాం. ఈయన దారి వేరు. ముందు పంతులు, తర్వాత కోచ్. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఎవడికి ఎక్కడ అర్థం కావడం లేదో కనిపెట్టే చూపు ఆయనకు ఆ బడుల్లోనే వచ్చిందని నేననుకుంటాను.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. కార్యదర్శి అంటే ఫైళ్ళూ చందాలూ అనుకుంటాం. రహీం సాబ్ ఆ కుర్చీలో కూర్చుని పోటీల నిబంధనలే మార్చేశారు. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే డ్రిబ్లింగ్. బంతిని కాలికి అంటించుకుని ఇద్దర్నీ ముగ్గుర్నీ తప్పించుకుంటూ పోతే జనం ఈలలు వేసేవారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ అవతలి జట్టు నలుగురై కమ్ముకుంటే అంతటితో సరి. రహీం సాబ్ కుర్రాళ్ళకు డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. ఎడమ కాలు చేతకానివాళ్ళు ఎడమ కాలితోనే ఆడాలని ఇంకో పోటీ.

ఇది వినడానికి చిన్న సంగతి. ఆడిచూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. బంతి మీ దగ్గరికి వస్తోంది. మామూలుగా అయితే ముందు దాన్ని ఆపుతాం, తర్వాత తలెత్తి చూస్తాం, తర్వాత ఎవరికివ్వాలో ఆలోచిస్తాం. డ్రిబ్లింగ్‌ను ఆపడానికి, బంతిని తాకడానికి రెండే అవకాశాలు, మూడోది తప్పు అని నిబంధన పెడితే ఈ వరస పనికిరాదు. బంతి రాకముందే తలెత్తి చూసి ఉండాలి. మొదటి తాకుడుతోనే బంతిని మనక్కావలసిన వైపుకు తిప్పుకోవాలి. రెండో తాకుడుకు బంతి వెళ్ళిపోవాలి. అది అందుకోవాల్సినవాడు అప్పటికే ఖాళీ చోటుకు కదిలి ఉండాలి. లేకపోతే తప్పు ఇద్దరిదీ. ఇలా ఒక్క నిబంధనతో పదకొండు మందికీ చూడటం నేర్పవచ్చు, ఉపన్యాసం అక్కర్లేదు. బమ్రోలిలో సాంచా నడిపేవాళ్ళకు ఇదంతా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అటూ ఇటూ పరిగెత్తేది నాడె, నేతగాడు కాదు. రహీం సాబ్ బంతితో ఆ పరుగు పెట్టించారు.

ఫలితం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కనిపించింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. డబ్బూ జనమూ పత్రికలూ అన్నీ అక్కడే. అలాంటి రోజుల్లో రహీం సాబ్ శిక్షణలో పోలీసు ఉద్యోగాలు చేసుకునే హైదరాబాదు కుర్రాళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచారు. డ్యూరాండ్ కప్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఫైనల్లో ఓడించారు. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 1956-57లోనూ 1957-58లోనూ విజేత. ఊరిలో గల్లీ జట్లు, వాటి మీద బడి జట్లు, వాటి మీద క్లబ్బులు, పైన సిటీ పోలీస్. కింద నుంచి పైదాకా అందరూ ఆడేది ఒకే పద్ధతి. ఒక కుర్రవాడు పై జట్టులోకి వచ్చినరోజున మళ్ళీ అ ఆలు దిద్దనక్కర్లేదు.

తులసీదాస్ బలరాం సంగతి చెప్పాలి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రవాడు, పేద ఇల్లు. ఆటలో చురుకు చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదుకు రోజూ రావాలంటే చాలా దూరం, బలరాం దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకు డబ్బు రహీం సాబే ఇచ్చారు. ఈ సంగతి బలరామే తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. ఆ అద్దె సైకిల్ కుర్రవాడు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. 1962లో అర్జున అవార్డు అందుకున్నాడు. చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం: ఈ ముగ్గురి పేర్లూ కలిపి ఇప్పటికీ పాతకాలం బెంగాలీలు ఒకే ఊపిరిలో చెప్తారు. మనవాళ్ళకే అంతగా గుర్తులేదు.

ఇక జాతీయ జట్టు. రహీం సాబ్ 1950 ప్రాంతంలో ఆ బాధ్యత తీసుకున్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం. సరే, బాగుంది. ఆ మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. పది గోల్స్. ఆ చలిలో, ఆ మైదానం మీద మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. రహీం సాబ్ గురించి రాసేవాళ్ళు ఈ మ్యాచ్‌ను గబగబా దాటేస్తారు. దాటెయ్యకూడదు. ఆ పది గోల్స్ నాడు కోచ్ ఆయనే. పెద్ద ఓటమి తర్వాత వాతావరణాన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చి పాత ఆటే ఆడించడం ఏ కోచ్‌కైనా సులువు. ఆయన అలా చెయ్యలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆ బూట్లతో బంతిని మెత్తగా తాకడం కుర్రాళ్ళకు మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. వెనక ఇద్దరే డిఫెండర్లుండే పాత వరసను వదిలి, కొత్తగా యూరప్‌లో ఏం జరుగుతోందో చూసి నేర్చుకున్నారు. 1953లో హంగరీ జట్టు లండన్ వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించి ప్రపంచానికి కొత్త ఫుట్‌బాల్ చూపించింది. ఆ మార్పును మన దేశంలో ముందుగా పట్టుకున్నవాళ్ళలో హైదరాబాదు పంతులు ఒకరు.

నాలుగేళ్ళు తిరిగాయి. 1956 మెల్బోర్న్. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వాళ్ళ ఊళ్ళోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు. సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనది. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోలు మనమే కొట్టాం, చివరికి 4-1తో ఓడాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. పతకం రాలేదు కాబట్టి దానికి ఊరేగింపులు లేవు. కానీ 10-1 నుంచి నాలుగేళ్ళలో ఒలింపిక్స్ నాలుగో స్థానానికి జట్టును తెచ్చిన కోచ్ ఏ దేశంలో ఉన్నా అతని పేరు మీద ఒక స్టేడియం ఉండేది. నా అభిప్రాయంలో రహీం సాబ్ చేసిన అన్నిటికంటే గొప్ప పని ఇదే, జకార్తా కాదు.

అయినా జకార్తా చెప్పకపోతే మీరు ఒప్పుకోరు.

1962 ఆసియా క్రీడలు. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకు వీసాలు ఇవ్వలేదు. భారత క్రీడాధికారి జి.డి. సోంధీ దాన్ని తప్పుపట్టారు. దాంతో జకార్తా జనం భారతదేశం మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం ముందు గొడవ. మన ఆటగాళ్ళు బస్సులో వెళ్తుంటే రాళ్ళు. తలపాగాలు కనిపించకూడదని సిక్కు ఆటగాళ్ళు బస్సు అడుగున పడుకుని వెళ్ళామని తర్వాత చెప్పుకున్నారు. ఆట మొదలే ఓటమితో. దక్షిణ కొరియా చేతిలో 2-0. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం గానీ డిఫెన్స్ నడిమధ్య ఆడే జర్నయిల్ సింగ్ తల పగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. జపాన్ మ్యాచ్‌కు అతను లేడు. మనవాళ్ళు 2-0తో నెగ్గారు.

సెమీఫైనల్ వచ్చేసరికి లెక్క ఇదీ. వెనక ఆడేవాడి పని ఎత్తుగా వచ్చే బంతుల్ని తలతో కొట్టి బయటికి పంపడం. కుట్లున్న తలతో తొంభై నిమిషాలు ఆ పని చెయ్యలేడు. అలాగని అంత బలమైనవాడిని బయట కూర్చోబెట్టనూ లేరు. రహీం సాబ్ జర్నయిల్‌ను ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. వెనక అతని చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. డిఫెండర్‌ను గోలు కొట్టమని పంపడం అంటే, పందెం అనుకుంటారు చూసేవాళ్ళు. అందరికీ అన్ని స్థానాల్లో బంతి తాకడం నేర్పిన పద్ధతిలో అది పందెం కాదు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. జర్నయిల్ గోలు కొట్టాడు.

సెప్టెంబరు 4న సెనాయన్ స్టేడియంలో ఫైనల్. లక్షమంది జనం, దాదాపు అందరూ మనకు ఎదురు. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు మాత్రం మనవాళ్ళకు మద్దతుగా చప్పట్లు కొట్టారని మన ఆటగాళ్ళు తలుచుకునేవారు. జ్వరం నుంచి కోలుకున్న గోలీ పీటర్ తంగరాజ్ ఆ రోజుకు తిరిగొచ్చాడు. ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్ళను పిలిచి తనకు రేపు ఒక బహుమతి కావాలని, అది బంగారు పతకమని అడిగారని పి.కె. బెనర్జీ జీవితాంతం చెప్పుకున్నారు. ఆయన ఊపిరితిత్తుల్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. పదిహేడో నిమిషంలో బెనర్జీ గోలు. మూడు నిమిషాల్లో జర్నయిల్ సింగ్ రెండో గోలు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. ఆ జట్టుకు కెప్టెన్ చూనీ గోస్వామి. హైదరాబాదు నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు.

తొమ్మిది నెలలు. 1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయారు. యాభై మూడేళ్ళు.

ఇక్కడ కాస్త దూరం వెళ్ళొస్తాను, మళ్ళీ హైదరాబాదుకే వస్తాను. సరిగ్గా ఆ కాలంలోనే మాస్కోలో అనతోలి తరసోవ్ అని ఒక కోచ్ ఉండేవాడు. ఐస్ హాకీ కోచ్. మన ఎండల దేశంలో ఆ ఆట పెద్దగా తెలియదు, లడఖ్‌లో చెరువులు గడ్డకట్టినప్పుడు ఆడతారు. మంచు మీద స్కేట్లతో జారుతూ రబ్బరు బిళ్ళను కర్రలతో కొట్టే ఆట. ఆ ఆటకు పుట్టిల్లు కెనడా. రష్యాలో దాని మొదటి జాతీయ పోటీ జరిగింది 1946లో. కెనడా వాళ్ళు బలంతో, ఢీకొట్టుకుంటూ ఆడేవారు. తరసోవ్ వాళ్ళను కాపీ కొట్టలేదు. బిళ్ళను ఒకరి నుంచి ఒకరికి చకచకా అందించే ఆట నేర్పాడు. మంచు దొరకనప్పుడు నేల మీదే కసరత్తులు చేయించాడు. అర్కాడీ చెర్నిషోవ్‌తో కలిసి సోవియట్ జట్టుకు 1963 నుంచి 1971 దాకా వరసగా తొమ్మిది ప్రపంచ చాంపియన్‌షిప్‌లు గెలిపించాడు. 1964, 1968, 1972 ఒలింపిక్స్ మూడూ వాళ్ళవే. 1974లో కెనడాలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ తరసోవ్ పేరు చేర్చుకుంది. గురువుల్లాంటి కెనడా వాళ్ళే ఆ గౌరవం ఇచ్చారు. రహీం సాబ్‌కూ తరసోవ్‌కూ పరిచయం లేదు, ఆటలు వేరు, కానీ ఆలోచన దగ్గరిది. బలవంతుడితో బలంతో తలపడకు, బంతినో బిళ్ళనో అతని కంటే వేగంగా తిప్పు.

తేడా ఆ తర్వాత వచ్చింది. సోవియట్ దేశంలో పిల్లలకు 'బంగారు బిళ్ళ' అనే పేరుతో దేశమంతటా ఐస్ హాకీ పోటీలు పెట్టారు. తరసోవ్ దానికి అండగా నిలిచాడు. పెద్ద జట్టు కోచ్‌గా దిగిపోయాక కూడా ఆ పిల్లల పోటీలను వదల్లేదు. 1995లో తరసోవ్ పోయాడు, సోవియట్ దేశమే పోయింది, ఆ పోటీలు మాత్రం నడుస్తున్నాయి.

హైదరాబాదులో ఏం జరిగింది? రహీం సాబ్ ఉన్నంతకాలం బడి పోటీలు, గల్లీ పోటీలు ఆయన చేతిమీదుగా నడిచాయి. ఆయన పోయాక వాటిని అదే పట్టుతో నడిపే వ్యవస్థ మిగల్లేదు. నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు, నిజమే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కంచు తెచ్చినప్పుడు కెప్టెన్ హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. పి.కె. బెనర్జీ పెద్ద కోచ్ అయ్యారు. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు, 2021లో చనిపోయారు. అంటే నీళ్ళు కొంతకాలం పారాయి, ఊట మాత్రం ఎండిపోయింది. 1970 కంచు తర్వాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు పతకం లేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు మన జట్టు చివరిసారి వెళ్ళింది 1960లో, ఆయన వెంటే.

ప్రభుత్వం కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు ఇవ్వడం మొదలుపెట్టింది 1985లో. రహీం సాబ్ పోయిన ఇరవై రెండేళ్ళకు. అవార్డు రాలేదని నాకు పెద్ద బాధ లేదు. సినిమా వచ్చింది, పేరు మళ్ళీ నలుగురి నోటా పడింది. నాకు కోపం తెప్పించేది వేరొకటి. ఆయన చేసిన పనిలో ఖరీదైనది ఏదీ లేదు. విదేశీ కోచ్ జీతం లేదు, జిమ్ లేదు. ఒక బంతి, ఒక నిబంధన, సాయంత్రాలు, ఆ నిబంధన తప్పినవాడిని ఆపి మళ్ళీ ఆడించే ఓపిక. అంత చౌక పనిని మనం ఒక్క ఊళ్ళోనైనా నిలబెట్టుకోలేదు. పైగా దేశంలో ఫుట్‌బాల్ ఎందుకు పెరగడం లేదని ప్రపంచ కప్ వచ్చిన ప్రతిసారీ టీవీల్లో గంటలకొద్దీ చర్చిస్తాం.

బమ్రోలి, పాండేసరా తల్లిదండ్రులతో ఒక మాట. మన పిల్లల్లో చాలామంది పదో తరగతి కాకముందే సాంచా మీదికి వెళ్ళిపోతున్నారు, అది వేరే చర్చ. ఆడే వయసున్న నాలుగైదేళ్ళయినా వాళ్ళను సరిగ్గా ఆడనివ్వాలి. ఇక్కడ మున్సిపల్ బడుల్లో తెలుగు పిల్లలున్నారు, ఒడియా, మరాఠీ, హిందీ పిల్లలున్నారు. ఒక్కో భాషకు ఒక్కో జట్టు పెట్టి గొడవలు తెచ్చుకోకండి. రహీం సాబ్ మెల్బోర్న్‌కు తీసుకెళ్ళిన జట్టులో బెంగాలీలు, గోవావాళ్ళు, హైదరాబాదువాళ్ళు అందరూ కలిసే ఆడారు.

కాబట్టి సందు పెద్దలకు, నేత సంఘాలవాళ్ళకు, మాస్టర్లకు నా విన్నపం. వచ్చే జనవరి 26న బడిలో జెండా వందనం అయ్యాక, దగ్గర్లో ఉన్న ఖాళీ జాగాలో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఒక ఫుట్‌బాల్ పోటీ పెట్టండి. జట్టుకు ఏడుగురు. జట్లు చీట్లు తీసి కలిపెయ్యండి. ఆటకు ముప్పై నిమిషాలు. మొదటి సగంలో బంతిని రెండుసార్లకు మించి తాకకూడదు. రెండో సగంలో ఎడమ కాలి వాటం ఉన్న పిల్లలు తప్ప అందరూ ఎడమ కాలితోనే కొట్టాలి. రిఫరీగా ఎవరైనా పనికొస్తారు, మూడో తాకుడు లెక్కపెట్టడం వస్తే చాలు. గెలిచిన జట్టుకు కప్పు బదులు ఒక కొత్త బంతి ఇవ్వండి, మర్నాడు కూడా ఆడుకుంటారు. దానికి పేరు పెట్టాలనిపిస్తే రహీం సాబ్ పేరు పెట్టండి.